గుడారం వేసి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలెవరూ స్టేట్ పార్కులో గుడారం వేసి ఉండరు. వేసి ఉంటే సామెతకి మూడో ముక్క తప్పకుండా చేర్చేవారు. కాలిఫోర్నియా బే ఏరియాలోని మన తెలుగు కుటుంబాలు ఆ లోటుని ఏటా వేసవి సెలవుల్లో తీరుస్తూనే ఉన్నాయి. కానీ ఈమధ్య ఒక చెడ్డ అలవాటు మొదలైంది. కొందరు గేటు దగ్గర ఇచ్చే కాగితం చదువుతున్నారు. చదివి ఊరుకోకుండా అందులో ఉన్నట్టే నడుచుకుంటున్నారు. ఫలితం ఏమిటంటే, వెళ్తారు, ఉంటారు, వచ్చేస్తారు. సోమవారం ఆఫీసులో చెప్పుకోడానికి ఒక్క కథ ఉండదు. అలాంటి అమాయకుల మేలు కోరి, అనుభవం మీద తెలుసుకున్న నాలుగు ముక్కలు ఇక్కడ రాస్తున్నాను.

ఊరికే గాల్లో చెప్పడం ఎందుకు, ప్రెయిరీ క్రీక్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కునే తీసుకుందాం. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 101 హైవే పట్టుకుని ఉత్తరంగా ఆరు గంటలు పోతే, హంబోల్ట్ కౌంటీలో, ఓరిక్ అనే చిన్న ఊరు దాటాక వస్తుంది. 1923లో మొదలైన పార్కు. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, ఇంకో పక్క మూడు వందల అడుగుల రెడ్‌వుడ్ చెట్లు, నడుమ పచ్చిక మైదానం, అందులో మేస్తూ ఎల్క్‌లు. టెంటు వేసుకోడానికి రెండు చోట్లున్నాయి. మైదానం అంచున చెట్ల కింద ఎల్క్ ప్రెయిరీ, సముద్రం ఒడ్డున గోల్డ్ బ్లఫ్స్ బీచ్. ఈ అడవుల్ని 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది. వారసత్వం అన్నాక మన వాటా మనం అడిగి పుచ్చుకోవాలి. మొహమాటపడితే కుదరదు.

సైటు బుకింగ్ సంగతి. రిజర్వ్ కాలిఫోర్నియా వెబ్‌సైటులో, వెళ్ళే తేదీకి ఆరు నెలల ముందు, పొద్దున 8 గంటలకు తలుపులు తెరుస్తారు. తిరుమల ప్రత్యేక దర్శనం టికెట్లు బుక్ చేసిన చెయ్యి ఉంటే మీకిది కొత్త కాదు. సైటుకి ఎనిమిది మందిని మించి ఉండకూడదని రూలు. ఎనిమిది మంది అంటే ఎవరెవరు? ఇక్కడే బుర్ర పెట్టాలి. మన ఆర్టీసీ బస్సులో అయిదేళ్ళలోపు పిల్లలకి టికెట్ ఉండదు కాబట్టి వాళ్ళు లెక్కలోకి రారు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారూ మావయ్యగారూ విజిటర్ వీసా మీద ఉన్నారు, అంటే విజిటర్లే గాని కాంపర్లు కారు. శనివారం మధ్యాహ్నం వచ్చి ఆదివారం పొద్దున వెళ్ళే స్నేహితులు ఎలాగూ ‘చూసి పోవడానికి’ వచ్చినవాళ్ళే. ఇలా తీసేసుకుంటూ పోతే పంతొమ్మిది మంది కూడా ఎనిమిదిలో సుఖంగా ఇముడుతారు. కార్లు పట్టవంటారా? పక్క సైటు వాళ్ళు హైకింగుకి వెళ్ళినప్పుడు వాళ్ళ చోటు ఖాళీయేగా.

సముద్రం వైపు సైటే కావాలనుకుంటే పెద్ద ఆర్వీ ఒకటి అద్దెకి తీసుకోండి. ముప్పై అడుగులది బాగుంటుంది. గోల్డ్ బ్లఫ్స్ బీచికి వెళ్ళే డేవిసన్ రోడ్డు మట్టిరోడ్డు, ఇరుకు, మలుపులు. 24 అడుగులు దాటిన బండ్లు రాకూడదని, ట్రైలర్లు అసలే తేకూడదని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు దాకా వచ్చాక వెనక్కి తిప్పడానికి చోటు ఉంటుందో ఉండదో ముందే ఆలోచించుకుంటే ప్రయాణంలో మజా ఏముంటుంది?

చెక్ ఇన్ మధ్యాహ్నం 2 గంటలకు. మీరు మాత్రం రాత్రి పదకొండింటికి చేరేలా చూసుకోండి. ఫ్రీమాంట్‌లో బయల్దేరేటప్పుడు ఎలాగూ రెండు గంటలు ఆలస్యం అవుతుంది, దారిలో యురేకాలో ఆగి పాలు, పెరుగు కొనాలి, ఇంకో కారు వాళ్ళు దారి తప్పాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్ద వేళలు. చప్పుడు చేసేవాళ్ళు ఇంకెవరూ ఉండరు కాబట్టి మీ మాట ఆ చివర్న ఉన్న సైటుకి కూడా స్పష్టంగా వినబడుతుంది. కారు హెడ్‌లైట్లు హై బీములో పెట్టి, పక్కవాళ్ళ టెంటు మీద పడేలా ఆపి, ఆ వెలుగులో మీ టెంటు పెట్టె సీలు విప్పండి. సీలు ముందే విప్పకూడదు. ఇంట్లో ఒకసారి వేసి చూసుకుంటే ఏ కడ్డీ ఎక్కడ దూరుతుందో తెలిసిపోతుంది, ఇక బావగారూ మీరూ వాదించుకోడానికి ఏం మిగులుతుంది? మేకులు కొట్టడానికి సుత్తి ఎలాగూ మర్చిపోతారు. రాయి వాడండి. రాయి లేకపోతే ప్రెషర్ కుక్కర్ అడుగుభాగం.

జులైలో వెళ్తున్నారు గనక స్వెట్టర్లు దండగ. కాలిఫోర్నియా అంటే ఎండ కదా. ఫ్రీమాంట్‌లో 35 డిగ్రీలు ఉన్న రోజున అక్కడ మధ్యాహ్నం 15, 16 ఉండడం వాతావరణం తప్పు గాని మనది కాదు. వేసవిలో చల్లటి సముద్రం మీంచి పొగమంచు లేచి నేరుగా అడవిలోకి వస్తుంది. రెడ్‌వుడ్ చెట్లు తమ సన్నటి ఆకులతో ఆ మంచుని పట్టి, నీటి చుక్కలుగా మార్చి కిందికి రాలుస్తాయి. వానల్లేని వేసవిలో ఆ చెట్లని బతికించేది ఆ చుక్కలే. అడవికి ఏడాదిలో అందే నీళ్ళలో మూడో వంతు దాకా ఈ దారినే వస్తుందని లెక్కగట్టిన శాస్త్రవేత్తలున్నారు. కాబట్టి టెంటు మీద కప్పే రెయిన్ ఫ్లై ఇంట్లో వదిలేసి, అన్నిటికంటే పెద్ద చెట్టు చూసుకుని, సరిగ్గా దాని కొమ్మల కింద టెంటు వేయండి. ఆకాశంలో మబ్బు లేకపోయినా రాత్రంతా టప్ టప్ మని పడుతూనే ఉంటుంది. రెండింటికి ఎవరో ఒకరు లేచి ‘వాన పడుతోందా’ అని అడుగుతారు. లేదు, చెట్టు నీళ్ళు తాగుతోంది, మధ్యలో మీరున్నారు.

ఇక అసలు విషయానికి వద్దాం. వంట.

కాంపింగ్ అంటే బ్రెడ్డు ముక్కలు కాల్చుకు తినడం అనుకునేవాళ్ళతో నాకు మాటల్లేవు. పులిహోర పెద్ద గిన్నెడు, చపాతీలు నలభై, దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ మిరపకాయలు, మారినేట్ చేసిన చికెన్ రెండు ట్రేలు, పొద్దున్నకి ఇడ్లీ పిండి, సాయంత్రానికి మిరపకాయ బజ్జీల పిండి, ఆపైన నడుమ నడుమ నోరాడించడానికి జంతికలు, కారప్పూస, బూందీ, చేగోడీలు. కూలర్లు మూడు చాలవు. ప్రొపేన్ పొయ్యిలు రెండు, బాండీ ఒకటి, కనీసం రెండు లీటర్ల నూనె. బజ్జీలు కాగానే ఆ నూనె ఏం చేయాలి అని అడిగే పిరికివాళ్ళున్నారు. చల్లారనిచ్చి సీసాలో పోసి ఇంటికి పట్టుకెళ్ళాలట. భూమాత ఉన్నది దేనికి?

గిన్నెలు కడగడానికి నీళ్ళ కొళాయి దగ్గరికే వెళ్ళండి. ఒక్కో కొళాయిని పది కుటుంబాలు వాడుకుంటాయి. అక్కడ మెతుకులూ కరివేపాకూ వేరుశెనగ గుళ్ళూ మిగిల్చి వస్తే మీ వంట పదిమందికీ తెలుస్తుంది. అవి తినేవాళ్ళు కూడా దొరుకుతారు. వాళ్ళ గురించే చెప్పబోతున్నాను.

పొద్దున పొయ్యి వెలిగించగానే బల్ల చివర ఒక పక్షి వాలుతుంది. ఒళ్ళంతా ముదురు నీలం, తలా మెడా నల్లటి నలుపు, నెత్తిన కిరీటంలా నిక్కిన జుట్టు. దాని పేరు స్టెల్లర్స్ జే. మన కాకికి దగ్గరి చుట్టం. తేడా ఏమిటంటే మన కాకి తద్దినం నాడు ఎంత పిలిచినా బెట్టు చేస్తుంది, ఇది పితృదేవతల ప్రసక్తి లేకుండానే వచ్చేస్తుంది. తల ఒక పక్కకి వంచి, ఒక కన్నుతో మిమ్మల్ని, ఇంకో కన్నుతో కారప్పూస పొట్లాన్ని చూస్తుంది. మీరు అటు తిరిగీ తిరగ్గానే రెండు గెంతులు. పలుకు చిన్నదైతే అక్కడే మింగుతుంది. జంతిక ముక్క అయితే గొంతులో ఇంకో రెండు కుక్కుకుని కొమ్మ మీదికి పోయి, అక్కడ కాలికింద నొక్కిపెట్టి పొడుచుకుంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. మీరు బూందీ చల్లండి. ఇంకా నాలుగొస్తాయి. పార్కు వాళ్ళు ప్రతి చోటా ఒక్క పలుకు కూడా నేలమీద పడనివ్వద్దని బోర్డులు పెట్టి బతిమాలుకుంటారు. ఇంత పెద్ద అడవిలో ఇంత చిన్న పలుక్కి ఇంత రాద్ధాంతమా అని మీకు అనిపించాలి. అనిపించకపోతే మీకు కాంపింగు చేతకాదు.

వాళ్ళ రాద్ధాంతం వెనక ఉన్నది మార్బుల్డ్ మర్రెలెట్ అనే ఇంకో పక్షి. ఇది సముద్రపు పక్షి. ఏడాదంతా నీళ్ళమీదే ఉండి చేపలు తింటుంది. గుడ్డు పెట్టాలన్నప్పుడు మాత్రం పక్కనే ఉన్న రాళ్ళూ గుట్టలూ వదిలేసి, మైళ్ళకి మైళ్ళు అడవిలోకి ఎగిరొచ్చి, ముసలి చెట్టు మీద, ఎంతో ఎత్తున, నాచు పట్టిన వెడల్పాటి కొమ్మ వెతుక్కుంటుంది. గూడంటూ కట్టదు. నాచులో చిన్న గుంట చాలు. పెట్టేది ఒక్కటంటే ఒక్క గుడ్డు. ఒకరు గుడ్డు మీద కూర్చుంటే ఒకరు సముద్రం మీద ఉంటారు, ఇరవైనాలుగు గంటలకోసారి, తెల్లారకముందు మసక చీకట్లో డ్యూటీ మారతారు. ఈ పక్షి ఎక్కడ గుడ్డు పెడుతుందో ఎన్నో ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. 1974లో ఇదే రాష్ట్రంలో, శాంటా క్రూజ్ కొండల్లోని బిగ్ బేసిన్ స్టేట్ పార్కులో, కొమ్మలు నరకడానికి చెట్టెక్కిన మనిషికి పిల్ల కనబడింది. అదీ ఎక్కడనుకున్నారు, కాంప్‌గ్రౌండ్‌లో. అంటే కింద ఎవరో బల్ల మీద భోజనం చేస్తున్నారన్నమాట. ముసలి చెట్లు నరికేసిన కొద్దీ దీని బతుకు సన్నగిల్లి, 1992లో ఫెడరల్ ప్రభుత్వం దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది.

ఇప్పుడు బూందీకి రండి. ఒట్టి అడవిలో జేలు పలచగా ఉంటాయి, తిండి దొరికినంతే సంతతి. కాంప్‌గ్రౌండ్‌లో రోజూ పండగే గనక అక్కడ గుంపులు కడతాయి. బూందీ అయిపోయాక అవి ఊరికే కూర్చోవు, చెట్లంట తిరుగుతూ దొరికింది తింటాయి. కొమ్మ మీద నాచులో లేత ఆకుపచ్చ గుడ్డు, మచ్చలతో, దిక్కులేకుండా ఉంటుంది. ఏడాదికి ఒక్కటే పెట్టే పక్షికి ఆ ఏడాది అయిపోయినట్టే. ఈ జేలకి బుద్ధి చెప్పడానికి అప్పటి హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పడిన పాట్లు వింటే మీకు జాలేస్తుంది. కోడిగుడ్లకి మర్రెలెట్ గుడ్డు రంగు వేసి, మచ్చలు దిద్ది, లోపల వాంతులు తెప్పించే మందు ఎక్కించి ఈ రెడ్‌వుడ్ అడవుల్లోనే చెట్ల మీద పెట్టారు. తిన్న జే కక్కుకుని, ఇంకెప్పుడూ ఆ రంగు గుడ్డు ముట్టకూడదని ఆలోచన. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూర్చుని గుడ్లకి రంగులేస్తున్నారంటే, దానికి కారణం బల్లకింద పడ్డ మన కారప్పూస అంటే, ఒక రకంగా విజ్ఞానశాస్త్రానికి మనం చేస్తున్న సేవ చిన్నది కాదు. అందుచేత బల్ల కింద దుప్పటి పరిచి తినడం, లేవగానే దులిపి చెత్తబుట్టలో వేయడం, పిల్లల ఒళ్ళో పళ్ళెం పెట్టకుండా బల్లమీదే తినిపించడం లాంటి పనులు చేసి ఆ సేవకి గండి కొట్టకండి.

తర్వాత ఎలుగుబంటి. ప్రతి సైటుకీ ఒక ఇనప పెట్టె ఇస్తారు, తిండి సామాన్లు అందులో పెట్టి గొళ్ళెం వేయమని. చాలామంది దాన్ని చెప్పుల స్టాండుగా వాడుతున్నారు, ఆ పద్ధతి బాగానే ఉంది. ఇంకొందరు పైన స్పీకరు పెట్టుకుంటారు. తిండి మాత్రం కారులోనో టెంటులోనో దిండు పక్కన ఉంటేనే రాత్రి ఆకలేసినప్పుడు వీలు. పెట్టెలో పెట్టాల్సింది తిండి ఒక్కటే కాదట, వాసనొచ్చేవన్నీనట. టూత్ పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్, లిప్ బామ్. మన దగ్గర ఇంకో నాలుగుంటాయి. కొబ్బరినూనె సీసా, అమృతాంజనం, పసిపిల్లల పౌడరు, పొద్దున దీపం పక్కన వెలిగించే అగరుబత్తీ కట్ట. ఇక్కడ తిరిగేవి నల్ల ఎలుగులు, వాటి ముక్కు ముందు కుక్క ముక్కు బలాదూర్. తలకి కొబ్బరినూనె దట్టంగా రాసుకుని, ఆ తల టెంటు గోడకి ఆనించి పడుకోండి. ఎలుగుబంటి వస్తే గిన్నెలు మోగించమంటారు. మన దగ్గర గిన్నెలకి కొరవ లేదు గనక భయం అక్కర్లేదు. ఒకసారి మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది, కార్లు పగలగొడుతుంది, మనుషులకి భయపడడం మానేస్తుంది. చివరికి దాన్ని చంపేయాల్సి వస్తుంది. ఆ పని చేసేటప్పటికి మీరు ఇంటికి చేరి ఫోటోలు అప్‌లోడ్ చేస్తూ ఉంటారు.

మంట గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. కట్టెలు మాత్రం ఇంటి దగ్గర్నుంచే పట్టుకెళ్ళండి. పెరట్లో ఎండిపోయిన ఓక్ చెట్టు ఉంటే మరీ మంచిది. అది ఎందుకు ఎండిపోయిందో అడక్కండి. కాలిఫోర్నియా తీరపు అడవుల్లో 1990ల నుంచి సడన్ ఓక్ డెత్ అనే తెగులు ఓక్‌లనీ టాన్‌ఓక్‌లనీ లక్షల్లో ఎండగట్టేసింది. తెగుళ్ళూ పురుగులూ కొత్త ఊరికి ప్రయాణం కట్టడానికి కట్టెల మూటని మించిన బండి లేదు. అక్కడే కాంప్ హోస్టు దగ్గర కట్టెలు అమ్ముతారు. ఎక్కడ కొన్నవి అక్కడే కాల్చమంటారు. డబ్బులు దండగ. కట్టెలు చాలకపోతే చుట్టుపక్కల నేలమీద రాలిన పుల్లలు, కొమ్మలు ఏరుకురండి. అవి కుళ్ళి అడవికి ఎరువవుతాయి, ఏరడం నేరం అని రేంజరు చెబితే, మా ఊళ్ళో పుల్లలేరుకుంటే ఎవరూ ఏమీ అనరని నెమ్మదిగా చెప్పి చూడండి.

చలి ఎక్కువైతే నిప్పులు ఒక చిన్న కుంపట్లో వేసి టెంటులోకి తెచ్చుకుని జిప్పులన్నీ బిగించేసుకోండి. బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. నిద్ర మాత్రం గాఢంగా పడుతుంది. పొద్దున్నే లేచి ఇడ్లీలు వేయాల్సిన బాధ కూడా ఉండదు.

మైదానంలో ఎల్క్‌లు కనిపిస్తాయి. మన కణుజు కంటే చాలా పెద్దవి, మగది 400 కిలోలు దాటుతుంది. ఒకప్పుడు వేట వల్ల కాలిఫోర్నియాలో ఈ జాతి ఒక్క చిన్న మందకి పడిపోయి, ఈ చుట్టుపక్కలే ప్రాణం దక్కించుకుంది. కనీసం 75 అడుగుల దూరంలో ఉండమంటారు. అంత దూరం నుంచి సెల్ఫీలో అది చీమంత పడుతుంది. ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా మగవాటికి జతకట్టే కాలం, మే జూన్ నెలల్లో ఆడవాటి పక్కన కొత్త పిల్లలుంటాయి. రెండు కాలాల్లోనూ వాటికి ఒళ్ళు మండుతూ ఉంటుంది గనక ఫోటోలో హావభావాలు బాగా వస్తాయి. అమ్మాయిని ముందు నిలబెట్టి, ‘ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం’ అంటూ ఉండండి.

అదే సూత్రం సముద్రానికీ వర్తిస్తుంది. మనం భీమిలిలో, సూర్యలంకలో మోకాళ్ళ లోతున ఆడుకున్న అలవాటుతో ఇక్కడా ప్యాంటు మడిచి దిగిపోవాలి. నీళ్ళు వేసవిలో కూడా 10 నుంచి 13 డిగ్రీలు. సముద్రం పావుగంటసేపు పిల్లిలా పడుకుని, ఉన్నట్టుండి ఒక్క కెరటాన్ని మామూలు కంటే ఎంతో దూరం ఒడ్డు మీదికి తోస్తుంది. ఇక్కడివాళ్ళు దాన్ని స్నీకర్ వేవ్ అంటారు. ఒడ్డున పడి ఉన్న పెద్ద పెద్ద దుంగలు ఆ నీళ్ళకి తేలి దొర్లుతాయి. సముద్రానికి వీపు చూపించకండి అని బోర్డుల మీద ఇంతింత అక్షరాలతో ఉంటుంది. కుటుంబం అంతా దుంగ మీద వరసగా నిలబడి, సముద్రానికి వీపు పెట్టి, తీసేవాడు ఒడ్డున ఉంటేనే వెనక సూర్యాస్తమయం పడుతుంది. ఇక్కడ నేను వెటకారం పక్కన పెట్టి ఒక్క మాట చెబుతాను: ఈ తీరంలో అలా పోయినవాళ్ళున్నారు, వాళ్ళని కాపాడబోయి పోయినవాళ్ళూ ఉన్నారు. సరే, మళ్ళీ పనిలోకి.

ఫెర్న్ కాన్యన్ తప్పకుండా చూడాలి. వాగుకి రెండు పక్కలా నిలువు గోడలు, గోడల నిండా ఫెర్న్ మొక్కలు. ‘ది లాస్ట్ వరల్డ్: జురాసిక్ పార్క్’ సినిమాలో కొంత ఇక్కడ తీశారు. వేసవిలో బండితో వెళ్ళాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. తీసుకోకుండా గేటు దాకా వెళ్ళి, ఆరు గంటలు ప్రయాణం చేసొచ్చాం అని ఇంగ్లీషులోనూ, తర్వాత తెలుగులోనూ చెప్పండి. ప్రపంచంలోకెల్లా ఎత్తైన హైపీరియన్ చెట్టు కూడా ఈ చుట్టుపక్కల అడవుల్లోనే ఉంది, 115 మీటర్ల పైమాటే. దాని దగ్గరికి దారి లేదు. చూడ్డానికి వచ్చే జనం పొదలు తొక్కి, వేళ్ళ మీద మట్టి గట్టిపరిచి, చెత్త వదిలి పాడు చేస్తున్నారని 2022లో నేషనల్ పార్కు వాళ్ళు అటు వెళ్ళడమే నిషేధించారు. పట్టుబడితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. గ్రీన్ కార్డు లైనులో ఉన్నవాళ్ళకి ఇంతకంటే ఉత్సాహాన్నిచ్చే విహారం దొరకదు. పైగా కిందనుంచి చూస్తే దాని కొస కనబడదు, పక్కనున్న చెట్టుకీ దానికీ తేడా తెలియదు.

సాయంత్రం మంట చుట్టూ చేరాక అంత్యాక్షరి. బ్లూటూత్ స్పీకరు పెద్దదే తీసుకెళ్ళండి. మీ సైటు దాటి పాట వినబడకూడదన్నది పగలైనా రాత్రైనా రూలే. కానీ పాట సరిహద్దు దగ్గర ఆగి వెనక్కి రాదు కదా, అది మన తప్పు కాదు. పక్క సైటులో ఒక ముసలాయన, ముసలావిడ మడతకుర్చీల్లో కూర్చుని ఏదో వింటున్నట్టు కళ్ళు మూసుకుని ఉంటారు. ఏం వింటారో నాకైతే అర్థం కాలేదు. నేను ఒకసారి మా పాటల మధ్యలో జెనరేటరు ఆగిపోయినప్పుడు విన్నాను. చెట్ల పైనుంచి చుక్కలు ఫెర్న్ ఆకుల మీద పడే చప్పుడు, దూరంగా సముద్రం హోరు, అంతే. టిక్కెట్టు పెట్టి వినాల్సినంత ఏమీ లేదు. ఆమాటకొస్తే జెనరేటరు కూడా రాత్రి 8 దాటాక వేయకూడదట.

చెక్ అవుట్ మధ్యాహ్నం 12 గంటలకు. పదకొండున్నరకి ఉప్మాకి తాలింపు వేయండి. కొత్తగా వచ్చినవాళ్ళు కారు ఆపుకుని మీ వంక చూస్తూ ఉంటే వాళ్ళకీ ఒక ప్లేటు ఇవ్వండి, అతిథి మర్యాద మరిచిపోకూడదు. మంట మీద నీళ్ళు పోయక్కర్లేదు, దానంతటదే ఆరుతుంది. ఆరకపోతే వార్తల్లో చూస్తారు. 2020 ఆగస్టులో పిడుగుల వల్ల అంటుకున్న కార్చిచ్చు నేను ఇందాక చెప్పిన బిగ్ బేసిన్‌ని దాదాపు మొత్తం కాల్చేసింది. రాష్ట్రంలోకెల్లా పాత స్టేట్ పార్కు, 1902 నాటిది. పిడుగులు చేసిన పని మనం చేయలేమా?

ఇంతసేపూ చదివాక మీలో కొందరు, ఈయన చెప్పినదానికి సరిగ్గా ఎదురు చేస్తే చాలు గదా అని అనుకుంటూ ఉంటారు. గేటు దగ్గరి కాగితం చదివి, బల్లకింద దుప్పటి పరిచి, కొబ్బరినూనె సీసా ఇనప పెట్టెలో పెట్టి, ఎనిమిది మందే వెళ్ళి, పదింటికల్లా గొంతు తగ్గించేసేవాళ్ళు. మీకో మనవి. వచ్చే ఆగస్టు శనివారాలకి బుకింగ్ ఫిబ్రవరిలో తెరుస్తారు, పొద్దున సరిగ్గా 8 గంటలకు. ఆ రోజు దయచేసి కాస్త ఆలస్యంగా నిద్ర లేవండి. మైదానం అంచున ఉండే సైటు మాకు కావాలి.